ఆ అంకె ఏం చెబుతోంది?

ఇంటర్ ఫలితాలొచ్చే రోజు చిలకలూరిపేటలో ఏ నెట్ సెంటర్‌కి వెళ్లినా ఒకటే మాట... 'సైట్ ఓపెన్ కావట్లేదు'! నిజమే, కావట్లేదు. కానీ ఎందుకో కూడా అవతలి సర్వర్ చెబుతూనే ఉంటుంది. తెరమీద కనిపించే 404, 503 లాంటి మూడంకెల సంఖ్యే దాని జవాబు. మనం మాత్రం అన్నిటినీ కలిపి 'ఎర్రర్' అనేస్తాం.

మొదటి అంకె చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. 2 అయితే అడిగింది అందినట్టే. 3 అంటే 'ఇక్కడ కాదు, అక్కడికెళ్లు' అని. పేట వాళ్లకి ఇది కొత్తేం కాదు. 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా ఏర్పడ్డాక కలెక్టరేట్ పనికి గుంటూరు బదులు నరసరావుపేట వెళ్తున్నారుగా... అదీ 301, శాశ్వతంగా మారిన చిరునామా. మరమ్మతులని చెప్పి ఆఫీసును నెల్లాళ్లు పక్కవీధిలో పెడితే అది 302.

4 అంటే లోపం అడిగినవాళ్ల వైపుందని సర్వర్ ఉద్దేశం. అడ్రస్‌లో ఒక్క అక్షరం తప్పినా 404 వస్తుంది. వాళ్లే ఆ పేజీ తీసేసినా అదే వస్తుంది. సెర్న్ పరిశోధన కేంద్రంలోని 404 నంబరు గది వల్లే ఆ పేరొచ్చిందనే కథ మీరూ వినే ఉంటారు. అది ఉత్త కల్పనేనని వెబ్ తొలినాళ్లలో టిమ్ బెర్నర్స్-లీతో పనిచేసిన రాబర్ట్ కాయో తేల్చేశారు. 403 అంటే పేజీ ఉన్నా మీకు చూపించరు. ఆగకుండా రిఫ్రెష్ కొట్టేవాళ్లకి 429... 'మరీ ఎక్కువసార్లు అడుగుతున్నావు' అని!

5 వస్తే ఇబ్బంది అవతలివాళ్లది. 500 అంటే లోపలేదో చెడింది. 503 అంటే రద్దీ వల్లో మరమ్మతుల వల్లో ప్రస్తుతానికి కుదరదు, కాసేపాగి రమ్మని. అలాంటప్పుడు హాల్ టికెట్ నంబరు మార్చి మార్చి కొట్టి లాభం లేదు.

అసలు చిక్కు 504తో. ఫీజు కడుతుంటే ఇది వచ్చిందనుకోండి, డబ్బు కట్టినట్టా, కట్టనట్టా? 504కి అర్థం 'వెనకున్న సర్వర్ నుంచి జవాబు వేళకు రాలేదు' అనేగానీ 'పని జరగలేదు' అని కాదు. మీ డబ్బు ఖాతాలోంచి వెళ్లిపోయి, ఆ కబురు తిరిగొచ్చేలోపే మధ్యలోని సర్వర్‌కి ఓపిక అయిపోయి ఉండొచ్చు. కంగారులో మళ్లీ కడితే ఫీజు రెండుసార్లు పోవచ్చు. మిరపకోతల కూలి డబ్బుతో కట్టే ఇంట్లో అదేం చిన్న దెబ్బ కాదు. కాబట్టి ముందు బ్యాంకు ఖాతా చూసుకోండి. తర్వాత అదే సైట్‌లో చెల్లింపు వివరాలు చూడండి. ఆ రోజే ఆఖరి తేదీ అయితే తెరను ఫొటో తీసుకుని, టైము రాసుకుని వాళ్ల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి.

అన్నట్టు, కొన్ని సైట్లు పని జరగకపోయినా 200 అనే పంపి, పేజీలో ఓ మూల 'సారీ' అని రాస్తాయి. ఇది తయారుచేసినవాళ్ల బద్ధకమే. అక్కడ ఏ అంకే కనిపించదు కాబట్టి, రసీదు నంబరు వచ్చిందో లేదో చూసుకున్నాకే కుర్చీలోంచి లేవండి.