హన్నా షిలోహుకు వెళ్లని రోజులు

పాతికేళ్ల కిందటి మాట. మా సంఘంలో ఒక యువతికి తొలి కాన్పయి మూడో నెల. ఆదివారం ఆరాధనకు రావడం లేదు. ‘పిల్లాడు పుట్టాక మా కోడలికి ప్రార్థనా లేదు, వాక్యమూ లేదు. మీరొచ్చి నాలుగు మాటలు చెప్పండి అయ్యగారూ’ అని అత్తగారు కబురు పెట్టారు. వెళ్లాను. కీర్తన చదివి అరగంట బోధించాను. బహుమానం అందాక ఇచ్చిన దేవుణ్ణి మరచిపోకూడదని హెచ్చరించాను కూడా. ప్రార్థన ముగించి కళ్లు తెరిస్తే, ఆ అమ్మాయి గోడకు తల ఆనించి నిద్రపోతోంది. నాకు కోపమొచ్చింది. బయటికొచ్చాక మా ఆవిడ, ‘రాత్రి ఎన్నిసార్లు లేచావమ్మా అని అడిగారా?’ అంది. అడగలేదు. మా పిల్లలప్పుడు తననూ అడగలేదని ఆమె అనలేదు గానీ, నాకు అర్థమైంది.

పసికందుకు మొదటి వారాల్లో రోజుకు 8 నుంచి 12 సార్లు పాలివ్వాలి. అంటే పగలూ రాత్రీ రెండు మూడు గంటలకోసారి. మధ్యలో తేన్పు తెప్పించడం, తడిగుడ్డలు మార్చడం, కారణం తెలియని ఏడుపును సముదాయించడం. వేకువనే లేచి ప్రార్థించమని బోధించే మేము, ఆ వేళకు బాలింత అప్పటికే మూడుసార్లు లేచిందని మరచిపోతాం.

హన్నాను చూడండి. బిడ్డ కోసం షిలోహులో కన్నీళ్లతో ప్రార్థించిన స్త్రీ. సమూయేలు పుట్టాక ఎల్కానా ఇంటివారందరితో ఏటేటి బలి అర్పించడానికి బయల్దేరితే, బిడ్డ పాలు విడిచేదాకా తాను రానంది (1 సమూ. 1:22). ఆ కాలంలో పాలు మాన్పించడానికి రెండు మూడేళ్లు పట్టేది. జవాబు దొరికింది కాబట్టి మందిరం మానేసిందని ఇరుగుపొరుగు అనుకున్నారో లేదో బైబిలు చెప్పదు. పెనిన్నా ఊరుకుని ఉంటుందని మాత్రం నేననుకోను. దేవుడు హన్నాను తప్పుపట్టిన దాఖలా లేదు. ఎల్కానా కూడా వాదించలేదు, నీకు మంచిదని తోచినట్టే చెయ్యమన్నాడు. మన ఇళ్లలో భర్తలు నేర్చుకోవాల్సిన మాట ఇది. ఎల్కానా రాత్రుళ్లు బిడ్డను ఎత్తుకున్నాడో లేదో తెలియదు. మనం మాత్రం ఎత్తుకోవచ్చు. ఒక్క పూట బిడ్డను భుజాన వేసుకుని భార్యను నిద్రపోనిచ్చే తండ్రి, ఆ పూట కుటుంబ ప్రార్థన చేసినట్టే అంటాను.

అలసి చావు కోరుకున్న ఏలీయా దగ్గరకు దూత వచ్చినప్పుడు ముందు ప్రసంగం చెయ్యలేదు. నిద్రపోనిచ్చాడు, రొట్టె, నీళ్లు పెట్టాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు (1 రాజులు 19:5-7). సెమినరీలో ఈ భాగం మీద పరీక్ష రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. బాలింత ఇంటికి వెళ్లినప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. కాన్పయిన తొలి రోజుల్లో ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది, సాధారణంగా రెండు వారాల్లోపు తగ్గుతుంది. ఆ తర్వాత కూడా దిగులు వదలకపోతే, బిడ్డ మీదికి మనసు పోకపోతే, బతకాలని లేదంటే అది జబ్బు. దాన్ని విశ్వాసలోపమనో, దురాత్మ పట్టిందనో అని తల్లిని ఉపవాస కూడికలకు తిప్పేవారు మనలో ఉన్నారు. పాస్టర్లూ ఉన్నారు. ఇది పాపం అనడానికి నేను వెనుకాడను. ప్రార్థించండి, ఆ రోజే డాక్టరు దగ్గరికీ తీసుకెళ్లండి. పౌలుకే తోడుగా వైద్యుడైన లూకా ఉన్నాడు. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరు మన సంఘాల నోటీసు బోర్డుల మీద ఉండాలి.

మా సంఘంలో ఇప్పుడు ఒక పద్ధతి ఉంది. బాలింత ఇంటికి ఉత్తచేతులతో వెళ్లం, క్యారియర్‌లో అన్నం, కూర పట్టుకెళతాం. ప్రార్థన అయిదు నిమిషాలు దాటదు. ‘ఆరాధనకు ఎప్పుడొస్తావు?’ అని ఎవరూ అడగరు. ఇది పెట్టిన కొత్తలో, భక్తి పలచబడుతోందని పెద్దలు ఒకరిద్దరు నాతో గట్టిగానే వాదించారు.

నాడు ఒళ్లో ఉన్న ఆ పిల్లాడికి ఈమధ్య కూతురు పుట్టింది. చూడ్డానికి వెళ్లాం. నేను రెండు నిమిషాలు ప్రార్థించాను. మా ఆవిడ పాపను ఎత్తుకుంటే, కోడలు లోపలికెళ్లి పడుకుంది. బయల్దేరేటప్పుడు చెప్పి వెళ్దామని అటు చూశాను. అప్పుడు గోడకు ఆనుకుని నిద్రపోయిన ఆమే, ఇప్పటి నాయనమ్మ, ‘లేపకండి అయ్యగారూ’ అంది.