గుమ్మటాల కింద గ్రంథాలు, గుమ్మం బయట పాఠకుడు

న్యూఢిల్లీ: దేశ రాజధానిలో ఆధునిక గ్రంథాలయ నిర్మాణం ఏ స్థాయికి చేరిందో తెలుసుకోగోరేవారు ముందుగా చూడవలసింది పార్లమెంటు గ్రంథాలయ భవనాన్ని. అయితే అది ప్రధానంగా పార్లమెంటు సభ్యులకు, అధికారులకు, అనుమతి పొందిన పరిశోధకులకు ఉద్దేశించినది.  ఢిల్లీ గ్రంథాలయాల పరిస్థితికి ఈ వైరుధ్యమే అద్దం పడుతోంది.

1987 ఆగస్టు 15న నాటి ప్రధాని రాజీవ్ గాంధీ శంకుస్థాపన చేసిన ఈ భవనాన్ని 2002 మే 7న రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ప్రారంభించారు. వాస్తుశిల్పి రాజ్ రేవాల్ ఎదుర్కొన్న చిక్కు సామాన్యమైనది కాదు. పక్కనున్న వలయాకార పార్లమెంటు భవనం పీఠానికి మించిన ఎత్తు ఉండరాదు. పుస్తకానికి ఎండ, తేమ శత్రువులు. పాఠకుడికేమో వెలుతురు కావాలి. అందుకే రెండు అంతస్తులను భూగర్భంలోకి దించి, పై భాగాన్ని లోపలి ప్రాంగణాల చుట్టూ అమర్చారు. ఉక్కు, గాజులతో రూపొందిన మధ్య గుమ్మటం గుండా పగటి వెలుగు లోనికి దిగుతుంది. ఎరుపు, లేత పసుపు ఇసుకరాళ్లు భవనాన్ని పరిసరాలతో కలిపాయి. 2023 మే 28న కొత్త పార్లమెంటు భవనం ప్రారంభమైనా ఈ నిర్మాణం విలువ తగ్గలేదు.

సామాన్యుడి గ్రంథాలయ చరిత్ర ఇందుకు భిన్నమైనది. యునెస్కో సహకారంతో ఆసియాకే నమూనాగా తలపెట్టిన ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీని 1951 అక్టోబరు 27న ప్రధాని నెహ్రూ ప్రారంభించారు. దానికి లభించినది గ్రంథాలయం కోసం కట్టిన భవనం కాదు. పాత ఢిల్లీ రైల్వే స్టేషను ఎదుట ఒకనాటి వేవెల్ క్యాంటీను. అయినా అరల వద్దకు పాఠకుడినే వెళ్లనిచ్చి, పుస్తకాన్ని స్వయంగా ఎంచుకొనే స్వేచ్ఛ కల్పించడం నాటికి పెద్ద మార్పు. సంచార వాహనాల ద్వారా పుస్తకాలను పేటలకు చేర్చిన ఘనత కూడా దానిదే. భవనం కంటే వినియోగమే ముఖ్యమన్న ఎస్.ఆర్. రంగనాథన్ సిద్ధాంతానికి ఇది ఆచరణ రూపం.

లోపమల్లా ఆర్థిక పునాదిలోనే ఉంది. ఢిల్లీకి ప్రత్యేక గ్రంథాలయ చట్టం లేదు. పబ్లిక్ లైబ్రరీ కేంద్ర సాంస్కృతిక శాఖ గ్రాంటులపైనే ఆధారపడుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో 1960 నాటి చట్టం ఇంటి పన్నుపై రూపాయికి 8 పైసల సెస్సుకు వీలు కల్పించింది. వసూలైన సెస్సును స్థానిక సంస్థలు సకాలంలో జమ చేయడం లేదన్న ఆరోపణ లేకపోలేదు. అయినప్పటికీ అడిగే హక్కు అక్కడ చట్టబద్ధమైనది. ఢిల్లీలో అది కేవలం విన్నపం.

ఎండను ఆపి వెలుగును రానిచ్చే విద్య మన వాస్తుశిల్పులకు తెలుసునని పార్లమెంటు గ్రంథాలయం రుజువు చేసింది. ఆ విద్య పేటలోని పఠన మందిరానికి చేరాలంటే ఏటా తప్పక అందే నిధి కావాలి. ఆ నిధికి చట్టం కావాలి. పునాదిరాయి పడవలసింది ముందుగా అక్కడే.