తొలి విలాసవస్తువుగా తోలు కార్డు హోల్డరు

స్వార్జితముతో తమకొఱకై యొక విలువగల వస్తువును కొనదలచిన సోదరీమణులు పలువురు ఇటీవల మమ్ము ఒకే ప్రశ్న యడుగుచున్నారు. పేరుపొందిన సంస్థవారి తోలు కార్డు హోల్డరును మొట్టమొదటి విలాసవస్తువుగా కొనవచ్చునా? కొన్నచో దేనిని చూచి కొనవలయును? ఇది చిన్న ప్రశ్న యని పెదవి విఱచువారు కలరు. మేమట్లు తలంపము. ఇంటిల్లిపాది తిండికిని, బట్టకును, పిల్లల చదువునకును పైస పైసకును లెక్క చూచు స్త్రీ, తనకై తాను కొనుకొను మొదటి వస్తువు విషయమున మాత్రము లెక్క తెలియక మోసపోవుట న్యాయము కాదు.

మన అమ్మమ్మలు తమ రూకలను కొంగున ముడివైచికొనిరి. మన తల్లులు నోట్లను మడిచి పోపులపెట్టెలో ఆవాల గిన్నె క్రింద దాచిరి. ఆ సొమ్ము వారి చేతిలో నుండెనే కాని వారి పేరున నుండలేదు. నేడు బ్యాంకు కార్డుపై స్త్రీ పేరు అచ్చుపడియున్నది. 2014వ సంవత్సరమున నారంభమైన జన్‌ధన్ ఖాతాలలో సగమునకు పైగా స్త్రీల పేరిటనే యున్నవి. కావున తన పేరుగల కార్డును దాచుకొనుటకు చక్కని వస్తువొకటి కావలయునని స్త్రీ కోరుట వ్యర్థాడంబరమని మేము చెప్పజాలము. అయితే ఈ కోరికను అంగడివారు మనకంటె ముందుగానే యెఱుగుదురు. కావున వారి మర్మమును మనమును కొంత యెఱిగి యుండుట మంచిది.

ఈ ప్రసిద్ధ సంస్థలలో పెక్కు కార్డు హోల్డర్లు చేయుటకు పుట్టినవి కావు. హెర్మెస్ సంస్థ 1837లో పారిసు నగరమున గుఱ్ఱములకు పగ్గములు, కళ్ళెములు కుట్టు కార్ఖానాగా మొదలైనది. లూయీ వుయిటన్ 1854లో ప్రయాణపు పెట్టెలు చేయ నారంభించెను. ప్రాడా 1913లో మిలాన్ నగరమునను, గుచ్చీ 1921లో ఫ్లారెన్సు నగరమునను పుట్టినవి. ఈ సంస్థల చేతిసంచులు నేడు మన దేశమున లక్షలు పలుకుచుండగా, కార్డు హోల్డరు సాధారణముగా 25,000 రూపాయలకు కొంచెము అటునిటుగానో, అంతకు మించియో దొరకును. అంగడి పేరు మోయు తోలు వస్తువులలో నిది మిగుల చౌకయైనది. ఒకసారి గడప దాటినవారు మఱల వత్తురని అంగడివారి యాశ. ఆ గడపయందే నిలిచి, చూచి, నచ్చిన యొక్క వస్తువును కొని, తృప్తితో నింటికి వచ్చుట మన విజ్ఞత.

వెలయంతయు తోలునకును పనితనమునకును పోవునని తలంపరాదు. 2024 జూన్ నెలలో మిలాన్ న్యాయస్థానము ఒక ప్రసిద్ధ ఫ్రెంచి సంస్థకు చెందిన యిటలీ ఉపసంస్థను న్యాయ పర్యవేక్షణమున నుంచినది. అంగడిలో 2,600 యూరోలు పలుకు చేతిసంచిని కూర్చినందుకు గుత్తదారునకు ముట్టినది 53 యూరోలు మాత్రమే యని ఆ విచారణలో తేలినది. తోలు మొదలగు సరకుల వెల ఇందులో చేరలేదు. ఆ పర్యవేక్షణము 2025లో ముగిసినది. పేరునకు వెల నిచ్చుట తప్పని మేమనము. పట్టుచీరయందును నేతకు కొంత, పేరునకు కొంత ఇచ్చుచునే యున్నాము. కాని యెంత భాగము దేనికిచ్చుచున్నామో తెలిసి యీయవలయును. అందులకై వస్తువును చేత పట్టుకొని పరీక్షించు విధము నిట చెప్పుచున్నాము.

మొదట తోలు. పై పొరను చెక్కక యుంచిన తోలు గట్టిది. దానిపై సహజమైన రంధ్రములును, సన్నని ముడుతలును కనబడును. వ్రేలితో నొక్కినచో చుట్టును సన్నని గీతలు పడి, వ్రేలు తీయగనే సమసిపోవును. అడుగు పొరను చీల్చి, పైన రంగుపూత పూసినది రెండవ తరము. తోలు పొట్టును జిగురుతో కలిపి అట్టవలె నొత్తినది అన్నిటికంటె అధమము. దానిని ఆంగ్లమున ‘బాండెడ్ లెదర్’ అందురు. ‘జెన్యూయిన్ లెదర్’ అను ముద్ర చూచి మురిసిపోవలదు. అది తోలే యని చెప్పును గాని, ఏ పొరయో, ఎంత మంచిదో చెప్పదు. లూయీ వుయిటన్ వారి యక్షరముల గుర్తులుగల ప్రసిద్ధమైన సరకు పైపూత పూసిన బట్టయే గాని తోలు కాదు. అది మన్నిక గలదే, కాని తోలు కావలయునన్నవారు అడిగి తెలిసికొనవలయును.

ఈ సంస్థలవారు హెచ్చుగా వాడునది దూడతోలు. గోచర్మమును తాకుటకు మనసొప్పని గృహములు మనలో ననేకము కలవు. అట్టివారు మేకతోలు గాని, గొఱ్ఱెతోలు గాని అడిగి తీసికొనవచ్చును. మేకతోలు పలుచనైనను గట్టిది. గొఱ్ఱెపిల్ల తోలు వెన్నవలె మెత్తనిది గాని గోరు తగిలినను గీత పడును. చేతిసంచిలో తాళపుచెవుల ప్రక్కన నుండవలసిన వస్తువునకు అది తగదు. అచ్చుతో సన్నని అడ్డగీతలు ఒత్తి పైపూత పూసిన ‘సాఫియానో’ తోలు గీతలకు ఓర్చును. ఇక ‘వేగన్ లెదర్’ అనబడునది పెక్కు తావులందు పాలియురితేను పూత పూసిన బట్ట. వేడియు చెమ్మయు కలిసిన గాలిలో ఆ పూత కొన్నేండ్లకు విడివడి పొట్టువలె రాలును. విశాఖపట్టణము, కాకినాడ, మచిలీపట్టణము వంటి తీరపట్టణముల వారు దీనిని ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలయును.

తోలును పదును చేయు పద్ధతులు ముఖ్యముగా రెండు. నేడు లోకమున నధికభాగము క్రోమియము లవణములతో పదును చేయబడును. అట్టి తోలు మెత్తగా నుండి, నీటికి కొంత ఓర్చును. రెండవది చెట్ల బెరళ్ళతోడను, కాయలతోడను చేయునది. మొదట బిఱుసుగా నుండి, వాడిన కొలదిని రంగు తేరి నిగ్గు పొందును. దక్షిణదేశమున తరతరములుగా తంగేడు చెక్కతోడను, కరక్కాయతోడను తోళ్ళు పదును చేయుచుండిరి. మన యాడుబిడ్డలు బతుకమ్మను పేర్చు తంగేడే యది. తెలంగాణ రాష్ట్రపుష్పమును అదియే. చెన్నపట్టణమున 1948లో స్థాపింపబడిన కేంద్ర చర్మ పరిశోధన సంస్థ నేటికిని పనిచేయుచున్నది. పుదుచ్చేరిలో 1978లో పుట్టిన హైడిజైన్ వంటి స్వదేశ సంస్థలు ఈ బెరడు పదును తోలుతోనే పేరు గడించినవి. కావున మేలైన వస్తువు సముద్రము దాటియే రావలయునను నియమము లేదు.

పిమ్మట కుట్టు. కుట్లన్నియు నొకే పొడవున, ఒకే వాలున నున్నవా యని చూడవలయును. రెండు సూదులతో నొకే దారమును ఇరువైపులనుండి దూర్చి చేతితో కుట్టు జీనుకుట్టునందు ఒక పోగు తెగినను తక్కినవి నిలుచును. యంత్రపు కుట్టు అట్లు నిలువదు. కాని యంత్రముతో దగ్గరగా, మూలలందు రెండుసారులు బిగించి కుట్టినది నిత్యవాడుకకు చాలును. అటుపై అంచులు. కార్డు హోల్డరు మొదట చెడునది అంచుననే. కొందఱు అంచునకు రంగు పూయుదురు, కొందఱు రుద్ది నునుపు చేయుదురు, కొందఱు తోలును మడిచి కుట్టుదురు. రంగు పూసినచో మూలలను కొంచెము వంచి, బీట తీయుచున్నదేమో చూడవలెను. అరలలోపల తోలు కలదో, బట్ట కలదో వ్రేలు పెట్టి తెలిసికొనవలయును.

బ్యాంకు కార్డు 85.6 మిల్లీమీటర్ల పొడవును, 54 మిల్లీమీటర్ల వెడల్పును, 0.76 మిల్లీమీటరు మందమును కలది. పాన్ కార్డును, డ్రైవింగు లైసెన్సును అదే కొలతవి. అంగడికి పోవునపుడు మీ కార్డులనే తీసికొనిపోయి అరలో పెట్టి చూడుడు. క్రొత్త తోలు కొంచెము బిగువుగా నుండుటయే మేలు, వాడుకలో సాగును. ఒక అరలో రెండు కార్డులు పెట్టినచో సాగిన తోలు తిరిగి బిగియదు, ఒంటి కార్డు జాఱిపోవును. నిత్యము కావలసినవి నాలుగింటికి మించవు. మడిచిన నోట్లకు నడుమ ఒక అర యున్న చాలును.

తాకించి చెల్లించు కార్డుల విషయ మొకటి చెప్పవలయును. 2021 జనవరి 1వ తేదీనుండి 5,000 రూపాయల వఱకు పిన్ సంఖ్య లేకయే యట్లు చెల్లింపవచ్చునని రిజర్వు బ్యాంకు అనుమతించినది. వట్టి తోలు ఆ తరంగముల నాపజాలదు. లోహపు పొర కావలయును. వెఱపు గలవారు బ్యాంకు యాప్‌లో ఆ సౌకర్యమును నిలిపివేసికొనవచ్చును. ఇందులకై వేలు పోసి ప్రత్యేకపు కార్డు హోల్డరు కొన నక్కఱ లేదు.

ఇక సొమ్ము మాట. ఆ సొమ్ముతో కొంత బంగారము వచ్చునుగదా యని అత్తగారనవచ్చును. ఆమె మాట సత్యమే. వాడిన కార్డు హోల్డరు కొన్న వెలకు అమ్ముడుపోవుట అరుదు. అది పొదుపు కాదు, వ్యయమే. లెక్క వేసి చూడుడు. 25,000 రూపాయల వస్తువు పదియేండ్లు మన్నినచో ఏడాదికి 2,500 రూపాయలు. 2,500 రూపాయల స్వదేశపు తోలు వస్తువు అయిదేండ్లు మన్నినచో ఏడాదికి 500 రూపాయలు. నడుమనున్న 2,000 రూపాయలు పేరునకును, ముచ్చటకును ఏటేట మీరిచ్చు కట్నము. అది మీ సంపాదనకు తగునేని కొనుడు, తగదేని మానుడు. ఎట్లు చేసినను అప్పు చేసి మాత్రము కొనవలదు. పలు క్రెడిటు కార్డులపై బాకీ నిలిచినచో నెలకు నూటికి మూడు రూపాయలకు పైగా వడ్డీ పడును. పల్లెటూరి వడ్డీవ్యాపారియు సిగ్గుపడు వడ్డీ యది! ఆఱు నెలలు రికరింగు డిపాజిట్టులో కూడబెట్టుడు. ఆఱు నెలల పిమ్మటను కోరిక యట్లే నిలిచియున్నచో అది నిజమైన కోరిక. సగము ధరకే యని పిలుచు వారియొద్ద కొనకుడు. అట్టివి పెక్కు నకిలీలు. విదేశమందున్న చెల్లెలిచేతనో, కోడలిచేతనో తెప్పించుకొనువారు రసీదును పదిలపఱచుకొనవలయును. మరమ్మతునకు అదియే యాధారము.

అన్నిటికంటె ముఖ్యమైన మాట నిపుడు చెప్పెదము. అందమైన కార్డు హోల్డరు కొని, అందలి కార్డును మాత్రము ఇతరుల జేబులో నుంచు సోదరీమణులు కలరు. జీతము తమది, కార్డుపై పేరు తమది, పిన్ సంఖ్య మాత్రము తమకు తెలియదు! హిందూ స్త్రీ తన నేర్పుచేతను, కష్టముచేతను గడించిన ఆస్తికి ఆమెయే పూర్ణ హక్కుదారని 1956 నాటి హిందూ వారసత్వ చట్టము 14వ సెక్షను చెప్పుచున్నది. 2013లో బెంగుళూరున ప్రసూతి సెలవులో నున్న యొక స్త్రీ తన కార్డును, పిన్ సంఖ్యను భర్తకిచ్చి 25,000 రూపాయలు తెమ్మని పంపెను. యంత్రము చీటీ నిచ్చినది గాని సొమ్ము నీయలేదు. కార్డును ఇతరుల కీయరాదను నియమము చూపి బ్యాంకు ఆ సొమ్ము నిచ్చుటకు నిరాకరించినది. 2018లో వినియోగదారుల ఫోరము బ్యాంకు పక్షముననే తీర్పు చెప్పినది. దంపతుల నడుమనుండు నమ్మకము వేఱు, బ్యాంకు నియమము వేఱు. ఇంటి వ్యయములను ఇద్దఱును కూర్చుండి మాటలాడుకొనుట సంసారమునకు శోభ. కాని ఎవరి కార్డు వారియొద్ద నుండుట క్షేమము. మీ కార్డు మీ చేతిలో లేనిచో, కార్డు హోల్డరునకు ముందు ఆ కార్డును తెచ్చుకొనుడు.

కొన్న పిమ్మట కాపాడుకొనుట కష్టము కాదు. వానకాలమున తడిసినచో మెత్తని పొడిబట్టతో నద్ది, నీడయందే ఆఱబెట్టవలెను. ఎండలోను, పొయ్యి చెంతను పెట్టినచో తోలు బిఱుసెక్కి పగులును. కొబ్బరినూనె రాయరాదు, మచ్చ పడి కంపు కొట్టును. ప్లాస్టికు సంచిలో కట్టి దాచినచో బూజు పట్టును. పాత నూలుగుడ్డలో చుట్టి, గాలి తగులు బీరువా అరలో నుంచుడు.

ఇంతకును మేము కొనుమనియు చెప్పము, మానుమనియు చెప్పము. తోలును, కుట్టును, అంచును చూచి, అప్పు లేక, ఇంటివారికి దాచక, తన కార్డునకై తాను కొన్న వస్తువు ఏ సంస్థదైనను గౌరవప్రదమే. సోదరీమణులు యోచించి నడుచుకొందురుగాక. వచ్చు మాసమున పట్టుచీరలను వానకాలమున భద్రపఱచు విధమును ముచ్చటింతుము.