పాలకొల్లు మాండలిన్ జాడ

హైదరాబాద్‌లో యూసుఫ్‌గూడ నుంచి కృష్ణానగర్ దాకా ఏ టీకొట్టు దగ్గర నిలబడినా సినిమా పాటే వినిపిస్తుంది. ఆ పాటంటే నాకూ ప్రాణమే. అయినా ఈ వారం ఒక్క రాత్రి దాన్ని పక్కనపెట్టి, జాజ్‌నీ భారతీయ సంగీతాన్నీ కలిపిన శక్తి బృందం 2023లో తెచ్చిన ‘దిస్ మూమెంట్’ వినమంటున్నాను. 1977 తర్వాత శక్తి పేరుతో వాళ్లు స్టూడియోలో చేసిన తొలి ఆల్బమ్ అది. 2024లో గ్రామీ అందుకుంది. జాన్ మెక్‌లాఫ్లిన్ జాజ్ గిటార్ మీద పలికించిన పలుకును గణేశ్ రాజగోపాలన్ వయొలిన్ గమకంతో అందుకుంటుంది. మొదటి ట్రాక్ ‘శ్రీనీస్ డ్రీమ్’ దగ్గర మాత్రం కాసేపు ఆగండి. ఆ శ్రీని ఎవరో కాదు, మన పాలకొల్లు బిడ్డ మాండలిన్ శ్రీనివాస్. ఈ బృందానికే మరో రూపమైన ‘రిమెంబర్ శక్తి’లో మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చుని వాయించినవాడు, 2014లో 45 ఏళ్లకే వెళ్లిపోయినవాడు. ఈ ఆల్బమ్‌లో తబలా జాకిర్ హుస్సేన్‌ది. 2024 డిసెంబరులో ఆయనా పోయారు. ఇంకా వినాలనిపిస్తే, బేలా ఫ్లెక్, ఎడ్గర్ మేయర్, రాకేశ్ చౌరాసియాలతో జాకిర్ చేసిన ‘యాజ్ వి స్పీక్’ ఉంది. ఫోన్ స్పీకర్‌లో వద్దు, తబలా డగ్గా నాదం అందులో పలకదు. మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఇల్లు సద్దుమణిగాక వినండి.