ఒక చేయి రాస్తుంటే రెండో చేయీ కదులుతుందా?



మీ బిడ్డ కుడిచేత్తో పలకమీద అక్షరాలు దిద్దుతుంటే ఎడమచేతి వేళ్లు కూడా అలాగే కదలడం ఎప్పుడైనా గమనించారా? చిన్నపిల్లల్లో ఇది కొంతవరకు సహజమే. సుమారు పదేళ్లు వచ్చేసరికి తగ్గిపోతుంది. కాని బహు కొద్దిమందిలో అది పెద్దయినా పోదు. అట్టి పిల్లలను “చేయి కుదురుగా పెట్టుకో” అని ఇంట్లోను, బడిలోను గద్దిస్తుంటారు. బిడ్డ కావాలని చేస్తున్నది కాదది. దాని మూలం తల్లి గర్భంలోనే ఉంది.

మన మెదడులో ఎడమ సగం కుడిచేతిని, కుడి సగం ఎడమచేతిని నడిపిస్తుంది. అందుచేత మెదడునుండి దిగే నరాల పోగులు చాలావరకు తల అడుగుభాగాన ఒక పక్కనుండి రెండో పక్కకు దాటాలి. చూపులేని ఆ పోగులకు దారి చూపేదెవరు?

1890లో స్పెయిన్ శాస్త్రజ్ఞుడు రామోన్ ఇ కహాల్ కోడిపిండాన్ని సూక్ష్మదర్శినిలో పరీక్షించి, పెరిగే పోగు కొసన తడుముకుంటూ సాగే చిన్న భాగాన్ని చూశాడు. ఏదో రసాయనం దాన్ని పిలుస్తున్నదని తరువాత ఊహించాడు. అది రుజువు కావడానికి వందేళ్లు పట్టింది. 1994లో అమెరికాలో మార్క్ టెసియె-లవీన్ బృందం వేలాది కోడిపిండాల మెదళ్లనుండి అట్టి పదార్థాన్ని వేరుచేసింది. దానికి ‘నెట్రిన్’ అని పేరు పెట్టారు. దారి చూపేవాడు అనే అర్థమున్న సంస్కృత పదం దాని మూలం. నాయకుణ్ణి మనం ‘నేత’ అంటాం కదా, ఆ మాటే!

శరీరపు నడిమి గీత దగ్గరి కణాలు నెట్రిన్‌ను విడుస్తాయి. పోగు అటువైపు సాగుతుంది. అక్కడే ‘స్లిట్’ అనే మరో పదార్థం కూడా ఉంటుంది. గీత దాటేవరకు పోగు దాన్ని లెక్కచేయదు. దాటాక మాత్రం అదే దాన్ని వెనక్కి రానివ్వదు.

అయితే పిలుపు ఉంటే చాలదు, వినే చెవి కావాలి. పోగు కొసన ఉండే ‘డి.సి.సి.’ అనే మాంసకృత్తే నెట్రిన్‌ను వినే చెవి. దాని జన్యువులో లోపముంటే ఒక చేతితోపాటు రెండోదీ కదులుతుందని 2010లో కెనడా, ఇరాన్ దేశాల కుటుంబాలను పరీక్షించి కనుగొన్నారు. దాటవలసిన పోగులు కొన్ని దాటక అదే పక్కన దిగిపోతాయి. అందుచేత ఒకే ఆజ్ఞ రెండు చేతులకూ అందుతుంది. ఇంకా ఇతర జన్యువుల లోపంవల్ల కూడా ఇలా జరగవచ్చు.

కాబట్టి గ్రహణాన్నిగాని, గర్భవతిగా ఉన్నప్పుడు తల్లి తిన్నదాన్నిగాని నిందించకండి. ఇట్టివారిలో చాలామందికి తెలివితేటల్లో ఏ లోటూ ఉండదు. రాసేటప్పుడు చేతులు త్వరగా అలసిపోతాయి, నొప్పి పుడతాయి. పదేళ్లు దాటినా కదలిక తగ్గకపోతే నరాల డాక్టరుకు చూపించండి. పరీక్షల్లో మరికొంత సమయం ఇమ్మని ఉపాధ్యాయులను అడగండి. అన్నిటికంటే ముందు, ఆ చేతిమీద కొట్టడం మానండి.