అతుకు కనపడని బొంత

కంప్యూటర్ తెరమీద మన ఊరిని పైనుంచి చూసుకోవడం ఎవరికైనా సరదానే. జనగామ చెరువుల దగ్గర మొదలుపెట్టి, మహబూబాబాద్ మిరప చేల మీదుగా భూపాలపల్లి అడవుల దాకా మౌసుతోనే వెళ్లిపోవచ్చు. చూడ్డానికి అంతా ఒకే ఫొటో. నిజానికి అదో బొంత! వేర్వేరు రోజుల్లో తీసిన ముక్కల్ని కలిపి కుట్టినది.

ఎందుకలాగంటే... మన రిసోర్స్‌శాట్‌లోని లిస్-3 కెమెరా ఒకసారికి సుమారు 141 కిలోమీటర్ల వెడల్పు పట్టీనే చూడగలదు. మళ్లీ అదే చోటికి రావాలంటే 24 రోజులు. పక్క పట్టీని తీసేది మరో రోజు. మబ్బు పడితే ఇంకా ఆలస్యం. ఈలోగా ఎండ వాలు, గాలిలో దుమ్ము, తేమ అన్నీ మారిపోతాయి. దాంతో ఒకే చెరువు ఒక ఫొటోలో నల్లగా, మరోదాంట్లో బూడిదరంగులో కనిపిస్తుంది.

మరి కలిపేదెలా? పక్కపక్క ఫొటోలు అంచుల దగ్గర కొంతమేర ఒకదానిమీద ఒకటి పడతాయి. అక్కడ రెండింట్లోనూ ఉన్నది ఒకే నేల కాబట్టి తేడా ఎంతో తెలిసిపోతుంది. సగటు వెలుగును, హెచ్చుతగ్గులను లెక్కగట్టి ఒకదాన్ని రెండోదానికి సరిచేస్తారు. మబ్బుల్ని మాత్రం ముందే లెక్కలోంచి తీసేయాలి. లేదంటే ఆ తెల్లదనాన్ని తగ్గించబోయి ఫొటో మొత్తాన్ని చీకటి చేసేస్తుంది కంప్యూటర్. చివరగా అతుకును ఏ వాగు వెంటో, రోడ్డు వెంటో నడిపిస్తే కంటికి ఆనదు.

అసలు చిక్కు ఆ తర్వాతే. భూపాలపల్లి అడవుల్లో టేకులాంటి చెట్లు ఎండాకాలానికి ఆకు రాలుస్తాయి. నవంబరు ఫొటో పక్కన మార్చి ఫొటో పెడితే సగం అడవిని నరికేసినట్టే ఉంటుంది. పోనీ రంగు కలిపేద్దామా అంటే, నిజంగా నరికిన చోటు కూడా ఆ రంగు మాటున దాగిపోవచ్చు. అందుకే గోడకు తగిలించే పటం వేరు, అడవి విస్తీర్ణమో పంట నష్టమో లెక్కగట్టే ఫొటో వేరు. లెక్కల కోసమైతే కంటికి నచ్చేలా దిద్దరు. ఎండ వాలు, గాలి ప్రభావాలను తీసేసి, నేల ఎంత వెలుగును తిప్పికొట్టిందో చూస్తారు. వీలైనంతవరకూ ఒకే కాలంలో తీసిన ఫొటోలనే ఎంచుకుంటారు.

ఈ ఉపగ్రహాలు పంపే సమాచారాన్ని అందుకునే యాంటెన్నాలు ఎక్కడో లేవు, షాద్‌నగర్‌లోనే ఉన్నాయి. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రానివి అవి. ఇస్రో 2009లో తెచ్చిన ‘భువన్’ వెబ్‌సైట్లో ఎవరి ఊరిని వాళ్లు చూసుకోవచ్చు కూడా. చూడండి, కానీ ఊరి చెరువు చిక్కిపోయిందని కంగారు పడేముందు ఆ ఫొటో ఏ నెలలో తీసిందో కనుక్కోండి. వానాకాలం చెరువు పక్కన వేసవి చెరువును నిలబెడితే, చిన్నబోయేది చెరువే మరి!