సలేశ్వరం దారిని చెంచుల చేతిలో పెట్టండి

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల అక్కలకు, అన్నలకు, తమ్ముళ్లకు!

చైత్ర పౌర్ణమి దగ్గర పడిందంటే మన ఊళ్లలో నల్లమల అడవిలోని సలేశ్వరం జాతర ముచ్చట మొదలవుతుంది. కొందరు అచ్చంపేట, మన్ననూరు మీదుగా ఫర్హాబాద్ చౌరస్తా చేరుకుని, శ్రీశైలం రోడ్డు విడిచి రాంపూర్ పెంట వైపు తిరుగుతారు. ఇంకొందరు లింగాల వైపు నుంచి నడుచుకుంటూ వస్తారు. ఎటు నుంచి వచ్చినా ఆఖరికి బండి దిగాల్సిందే, లోయలోకి కాళ్లతోనే దిగాల్సిందే. రెండు గుట్టల నడుమ, జలపాతం కింద, గుహలో ఉన్న లింగమయ్యను చూడాలంటే వేరే దారి లేదు. పూజారులు చెంచులే. ఆ అడవిలో తరతరాలుగా ఉంటున్నదీ వాళ్లే.

ఆ దారిలో నడిచిన ప్రతి ఒక్కరికీ తెలుసు. మొదట చదునుగానే ఉంటుంది, ఎర్రమట్టి దుమ్ము మోకాళ్ల దాకా లేస్తుంది. తర్వాత నేల ఒక్కసారిగా కిందికి జారుతుంది. వేల పాదాలు తొక్కి నునుపెక్కిన రాళ్లు. ఒక పక్క బండ, ఇంకో పక్క లోయ. చాలా చోట్ల ఇద్దరు పక్కపక్కన నిలబడితే మూడో మనిషికి చోటుండదు. ఆ సందులోనే "వస్తున్నాం లింగమయ్యా" అంటూ దిగేవాళ్లు, "పోయొస్తాం లింగమయ్యా" అంటూ ఎక్కేవాళ్లు ఒకరికొకరు ఎదురవుతారు. చంకలో పిల్లలు, నెత్తిన మూటలు, చేతికర్ర పట్టుకున్న ముసలమ్మలు. ఎండలు ముదిరే కాలం, పైగా చాలామంది ఒక్కపొద్దు మీద ఉంటారు.

2023 ఏప్రిల్ జాతరలో ఈ దారిలోనే రద్దీకి తట్టుకోలేక భక్తులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్లు మనవంటి ఇళ్లవాళ్లు. దాన్ని దైవనిర్ణయం అని సరిపెట్టుకోవడానికి మాకు మనసొప్పడం లేదు. ఇరుకు దారిలో ప్రమాదం ఎట్లా పుడుతుందో చూడండి. ముందున్న మనిషి కాలు జారో, దాహంతో కళ్లు తిరిగో ఒక్క నిమిషం ఆగుతాడు. పది అడుగుల వెనకున్నవాళ్లకు ఆ సంగతి కనబడదు, వాళ్లు నడుస్తూనే ఉంటారు. వాళ్ల వెనక ఇంకో వందమంది. పక్కకు తప్పుకుందామంటే బండ, లేదా లోయ. కింద పడకపోయినా నిలువునా నలిగి ఊపిరాడకుండా పోతుంది. అక్కడ ఫోన్ పని చేయదు. కింద ఏం జరిగిందో పైన ఉన్న పోలీసుకు తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. వచ్చినవాళ్ల భక్తిలో లోపమేమీ లేదు. ఎంతమంది దిగారో, ఎంతమంది తిరిగి ఎక్కారో లెక్క పెట్టే మనిషి ఆ దారి మీద లేకపోవడమే లోపం.

కాబట్టి ప్రభుత్వాన్ని మేం అడిగేది ఒక్కటే. జాతర రోజుల్లో ఈ నడకదారి నిర్వహణను అక్కడి చెంచుపెంటల (గూడేల) గ్రామసభలకు అప్పగించాలి. అటవీశాఖ, పోలీసు, వైద్యశాఖలు ఆ గ్రామసభలకు తోడుగా నిలవాలి.

పని ఎట్లా సాగాలో కూడా చెబుతాం. మన్ననూరులోనూ, లింగాల వైపూ గంట ముద్ర వేసిన టోకెన్లు ఇవ్వాలి. దిగుడు మొదలయ్యే చోట, మధ్యలో, కింద గుండం దగ్గర చెంచు యువకులు వైర్‌లెస్ సెట్లు పట్టుకుని నిలబడాలి. పైకి ఎంతమంది ఎక్కితే అంతమందినే కిందికి వదలాలి. మరీ ఇరుకైన చోట్ల కాసేపు దిగేవాళ్లకు, కాసేపు ఎక్కేవాళ్లకు దారి ఇవ్వాలి. జాతర మూడు రోజులా, ఐదు రోజులా అని ఏటా వాదన జరుగుతూనే ఉంటుంది. మా లెక్కలో గంటకు ఎంతమందిని వదులుతున్నారన్నదే అసలు సంగతి. రోజుల సంఖ్యను గ్రామసభలు, అటవీశాఖ కూర్చుని తేల్చుకోవచ్చు.

దిగుడుకు పైనొకటి, నడిమధ్య కాస్త చదునున్న చోట ఇంకొకటి విశ్రాంతి పాకలు కావాలి. వెదురు నిట్టాళ్లు, తడికలు, గడ్డి కప్పు, అచ్చం చెంచుల ఇళ్లలాగే. లోపల నీళ్ల కుండలు, ఓఆర్ఎస్, ఒక స్ట్రెచర్, ఒక నర్సు. జాతర అయిపోగానే విప్పేయవచ్చు. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. నల్లమలకు అవతలి వైపు వెంకటాపురం నుంచి శ్రీశైలానికి నడిచే భక్తులు నాగలూటి దగ్గర, పెచ్చెరువు దగ్గర ఆగి అలుపు తీర్చుకుని, ఆ తర్వాతే భీమునికొలను లోయ దిగి కైలాసద్వారం ఎక్కుతారు. కొండదారిలో మజిలీ ఉండాలని పెద్దలు ఏనాడో ఎరిగి పెట్టారు.

మెట్లు కట్టించండి, కిందిదాకా రోడ్డు వేయండి అనేవాళ్లున్నారు. వాళ్ల ఆవేదన మాకు అర్థమవుతుంది, ముసలి తల్లిని తీసుకుపోలేని బాధ చిన్నదేం కాదు. కానీ అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. 2,611 చదరపు కిలోమీటర్ల ఆ అడవిలో కాంక్రీటు పోయాలంటే వన్యప్రాణి చట్టం ప్రకారం ఢిల్లీ దాకా అనుమతులు కావాలి. అవి వచ్చినా మేం వద్దనే అంటాం. రోడ్డు పడ్డాక జనం పదింతలవుతారు, వాళ్ల వెనకే దుకాణాలు దిగుతాయి, చివరికి ఆ లోయ బస్టాండవుతుంది.

దేవుడి దగ్గరికి పోవడానికి టోకెనేమిటని అడగవచ్చు. అమర్‌నాథ్‌కు పేరు నమోదు చేసుకుని, ఆరోగ్య ధ్రువపత్రం చూపించి పోతున్నాం. శబరిమలకు ముందుగా బుక్ చేసుకుంటున్నాం. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడికి చిన్నపాప బలైన తర్వాత, మధ్యాహ్నం దాటాక ఆ దారిలోకి పిల్లలను రానివ్వకుండా తిరుమలలో కట్టడి పెడితే ఒప్పుకున్నాం. అక్కడ తల వంచినవాళ్లం మన లింగమయ్య దగ్గర ఎందుకు కాదంటాం?

మరి చెంచులకే ఎందుకు? ఏ రాయి కదులుతుందో, ఏ చెలిమలో నీరుందో, ఎలుగుబంటి ఏ వేళకు ఏ వాగు దాటుతుందో వాళ్లకు తెలుసు. పులి జాడ తీయడానికి, అడవి కాపలాకు అటవీశాఖ ఇప్పటికే వాళ్ల మీద ఆధారపడుతోంది. 2006 అటవీ హక్కుల చట్టం అడవినీ వన్యప్రాణులనూ కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. చెంచుల వంటి ఆదిమ సమూహాలకు తమ ఆవాస ప్రాంతం మీద హక్కును గుర్తించింది. అయినా జాతరలో వాళ్లు పూజ దగ్గరే ఆగిపోతున్నారు, ఏర్పాట్ల నిర్ణయాలన్నీ బయటివాళ్లవే. జాతర బండ్ల మీద వసూలయ్యే రుసుము నుంచే దారి కాసే యువకులకు రోజు కూలీ, బీమా ఇవ్వాలి. మనం తిరిగి వచ్చాక ఆ లోయను ఊడ్చే ఆడవాళ్లకూ అందులో వాటా ఉండాలి.

ఊడ్చే మాట వచ్చింది కాబట్టి నిష్ఠూరమైనా చెప్పాలి. జాతర మర్నాడు ఆ బండల సందులు చూడండి. నీళ్ల పాకెట్లు, గుట్కా పొట్లాలు, ఎంగిలి ప్లేట్లు. వాన పడితే అవన్నీ కిందికి కొట్టుకుపోయి మనం మునిగిన గుండంలోనే తేలుతాయి. మిగిలిన అన్నం వాసన పట్టిన కవర్లను కోతులు, దుప్పులు నమిలి మింగుతాయి. ఎండుగడ్డి మీద ఒక్క బీడీ ముక్క పడితే చాలు, కొండంతా అంటుకునే కాలమది. నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని 2019లో పాలమూరు మొత్తం గొంతెత్తింది, ఆ సెప్టెంబరులో శాసనసభ వ్యతిరేక తీర్మానం చేసింది. అప్పుడు నల్లమల కోసం రోడ్డెక్కినవాళ్లలో మేమూ ఉన్నాం. అదే నల్లమలలో మన చేతులతో ప్లాస్టిక్ పారేస్తుంటే మాకు తల కొట్టేసినట్టుంది.

అన్నదానం చేసే దాతలకు చేతులెత్తి మొక్కుతున్నాం. మీ పందిళ్లు మన్ననూరులో, రోడ్డు పక్క ఊళ్లలో వేయండి. అడవి లోపల వద్దు. మోదుగాకు విస్తళ్లలో వడ్డించండి, నీళ్లు కుండల్లో పోయండి.

ఇక ఊరూరా చేయాల్సిన పని. మీ గ్రామసభలో ఈ కరపత్రం చదివి వినిపించండి. నడకదారిని చెంచు గ్రామసభలకు అప్పగించాలనీ, గంటల వారీ టోకెన్లు పెట్టాలనీ, విశ్రాంతి పాకలు వేయాలనీ తీర్మానం రాయించండి. ఒక నకలు నాగర్‌కర్నూల్ కలెక్టర్‌కు, ఒకటి మన్ననూరు ఐటీడీఏకు, ఒకటి అటవీశాఖకు పంపండి. గద్వాల, వనపర్తి వాళ్లు మీ ఎమ్మెల్యేలకు కూడా ఇవ్వండి, ఎందుకంటే ఆ దారిలో నడిచేది వాళ్ల ఓటర్లే. మాఘ పౌర్ణమి దాటకముందే ఇవన్నీ చేరాలి. వెదురు కొట్టడానికి, పాకలు నిలబెట్టడానికి, యువకులకు ప్రథమ చికిత్స నేర్పడానికి కనీసం రెండు నెలలు పడుతుంది.

ఇట్లు,
ఏటా సలేశ్వరం నడిచే మూడు జిల్లాల భక్తులు